సూదుల పార్కు తర్వాత

1989లో ‘చాందినీ’ వచ్చాక మనవాళ్ళ ఊహల్లో స్విట్జర్లాండ్‌కి ఒక రూపం స్థిరపడిపోయింది. మంచుకొండలు, పచ్చిక బయళ్ళు, వాటి మధ్య చీర కొంగు గాలికి వదిలేసిన శ్రీదేవి. ఆ తర్వాత తెలుగు సినిమావాళ్ళకి కూడా రెండు పాటల కోసం ఆ దేశం వెళ్ళిరావడం మామూలైపోయింది. అదే 1989లో, ఆ దేశంలోకెల్లా పెద్ద నగరమైన జ్యూరిక్‌లో, మెయిన్ స్టేషన్ వెనకే ఉన్న ఒక పార్కులో రోజూ వందలు, వేలమంది పట్టపగలు అందరూ చూస్తుండగా హెరాయిన్ ఎక్కించుకుంటున్నారు. పార్కుకి ఒక పక్క జాతీయ మ్యూజియం. ఇంకో రెండు పక్కలా నదులు.

ఆ పార్కు పేరు ప్లాట్స్‌స్పిట్స్. లిమ్మాట్ నది, జీల్ నది కలిసే మొనదేలిన నేల అది. 1883లో స్విస్ జాతీయ ప్రదర్శన జరిగింది అక్కడే. జ్యూరిక్‌లో ఏళ్ళ తరబడి తలదాచుకున్న జేమ్స్ జాయిస్‌కి ఆ సంగమం చాలా ఇష్టమైన చోటు. 1980ల చివర్లో ప్రపంచ పత్రికలు దానికి ఇంకో పేరు పెట్టాయి: సూదుల పార్కు.

పార్కు ఎలా పుట్టింది, ఎలా మూతపడింది అన్న కథని మత్తుమందుల విధానాల గురించి రాసేవాళ్ళు చాలాసార్లు చెప్పారు. డాక్టర్లు, మంత్రులు, పోలీసులు అందులో ముఖ్యపాత్రలు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆ కథ అంచుల్లో నిలబడ్డ ఇరుగుపొరుగు. ఇంటి గుమ్మంలో సిరంజీలు ఏరుకున్నవాళ్ళు. వాళ్ళు కోప్పడ్డారు, ఓట్లేశారు, చివరికి ఒక రాజీకి వచ్చారు. ఆ రాజీ ఏంటో, దాని ఖర్చు ఎవరు భరించారో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

*

1980 మే 30. జ్యూరిక్ ఒపెరా హౌస్ ముందు కుర్రాళ్ళు పోగయ్యారు. ఆ భవనాన్ని బాగుచెయ్యడానికి నగరం సుమారు 6 కోట్ల ఫ్రాంకులు ఖర్చు పెట్టబోతోంది. మాకు కూర్చుని పాడుకోవడానికి ఒక గది ఇవ్వమంటే డబ్బుల్లేవన్నారు, పెద్దవాళ్ళ సంగీతానికి మాత్రం కోట్లా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ రాత్రి రాళ్ళు, బాష్పవాయువు, రబ్బరు తూటాలు. అల్లర్లు నెలల తరబడి సాగాయి. చివరికి స్టేషన్ దగ్గర ఒక పాత భవనంలో యువకులే నడుపుకునే కేంద్రం ఒకటి వచ్చింది. మూసేశారు, మళ్ళీ తెరిచారు, 1982 మార్చిలో మొత్తానికి కూల్చేశారు.

ఆ కేంద్రానికీ హెరాయిన్‌కీ సంబంధం ఉంది. మత్తుకి అలవాటు పడ్డవాళ్ళు అక్కడికి చేరడం మొదలెట్టాక, వాళ్ళని తరిమెయ్యకుండా లోపలే ఒక గది కేటాయించి చూశారు నిర్వాహకులు. కేంద్రం కూలాక ఆ గదీ పోయింది, గదిలోని మనుషులు వీధిలోకొచ్చారు. తర్వాత నాలుగైదేళ్ళు పోలీసులు వాళ్ళని ఒక కూడలి నుంచి ఇంకో కూడలికి, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి తోలుతూ వచ్చారు. ఎక్కడికి తోలితే అక్కడి దుకాణదారులు ఫిర్యాదు చేసేవాళ్ళు. 1986, 87 నాటికి ఆ తోలుడు ప్లాట్స్‌స్పిట్స్ దగ్గర ఆగింది. అక్కడ ఇళ్ళు లేవు, దుకాణాలు లేవు, రెండువైపులా నీళ్ళు. ఫిర్యాదు చేసేవాళ్ళు లేని చోటు అది. నగరం అక్కడ చూసీచూడనట్టు ఊరుకుంది.

ఈ ఊరుకోవడాన్ని తర్వాత చాలామంది ఉదారవాద ప్రయోగం అన్నారు. నిజానికి అది ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన ప్రయోగంలా లేదు. ఇంకెక్కడికి పంపాలో తెలియక పార్కుకి వదిలేశారు, అంతే.

*

ఈలోగా ఎయిడ్స్ వచ్చింది. 1980ల్లో పశ్చిమ యూరప్ మొత్తంమీద హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న దేశం స్విట్జర్లాండే. ఒకే సిరంజీని పదిమంది వాడటం దానికి ఒక పెద్ద కారణం. అలాంటి సమయంలో, 1985లో, జ్యూరిక్ రాష్ట్ర వైద్యాధికారి శుభ్రమైన సిరంజీలు పంచడాన్ని నిషేధించాడు. పంచిన డాక్టర్ల లైసెన్సు పోతుందన్నాడు. సిరంజి ఇస్తే మత్తుని ప్రోత్సహించినట్టే అన్నది ఆయన వాదన. వందలమంది డాక్టర్లు, మేం పంచుతాం, ఏం చేసుకుంటారో చేసుకోండి అని సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఆంద్రే జైడెన్‌బర్గ్ ఒకడు. ఏడాది తిరిగేసరికి ఆ నిషేధం పోయింది.

1988లో పీటర్ గ్రోబ్ అనే ఇమ్యునాలజిస్టు నాయకత్వంలో ఒక బృందం నేరుగా ప్లాట్స్‌స్పిట్స్‌లోనే పని మొదలుపెట్టింది. కొన్ని రోజుల్లో వాళ్ళు పంచిన సిరంజీలు 10,000 దాటేవి. మోతాదు మించి పడిపోయినవాళ్ళకి ఊపిరి అందించడం, కాలేయవ్యాధికి టీకాలు వెయ్యడం, పుళ్ళకి కట్లు కట్టడం వాళ్ళ దినచర్య.

పార్కు లోపల ఒక చిన్న ఆర్థిక వ్యవస్థ నడిచేది. చెక్కబల్లలు వేసుకుని చెంచాలు, నీళ్ళు, దూది, సిరంజీలు అందించేవాళ్ళు కొందరు. డబ్బులకి బదులు వాడేసిన ఫిల్టర్‌ని తీసుకునేవాళ్ళు. ఆ దూదిలో మిగిలిన తడినే మళ్ళీ కరిగించి తమ మోతాదు తయారుచేసుకునేవాళ్ళు. బస్తీల్లో చెత్త ఏరి బతికేవాళ్ళని ఎరిగిన మనకి ఈ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు. ఎంత పెద్ద నగరంలోనైనా అట్టడుగున ఇంకొకరి మిగులు మీద బతికే మనిషి ఒకడుంటాడు.

పార్కు పేరు పాకేకొద్దీ స్విట్జర్లాండ్ ఊళ్ళన్నిటినుంచీ, పక్క దేశాలనుంచీ జనం రైలెక్కి వచ్చేవాళ్ళు. తమ పిల్లల సమస్యని చిన్న ఊళ్ళు ఆ విధంగా జ్యూరిక్‌కి వదిలించుకున్నాయని కూడా అనుకోవచ్చు. దేశం మొత్తంమీద మత్తుమందుల వల్ల చనిపోయేవాళ్ళ సంఖ్య 1990ల మొదట్లో ఏడాదికి 400 దాకా చేరింది.

*

1992 ఫిబ్రవరి 5న, జిల్లా అధికారి ఆదేశం మీద, ప్లాట్స్‌స్పిట్స్ గేట్లు మూసేశారు. కెమెరాలొచ్చాయి, పోలీసులొచ్చారు, పార్కు ఖాళీ అయింది. కానీ అందులో ఉన్నవాళ్ళకి వేరే చోటంటూ ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. డాక్టర్లు, సామాజిక కార్యకర్తలు ముందే హెచ్చరించింది ఇదే. వాళ్ళు నదికి అవతల ఉన్న ఐదో వార్డులోకి నడిచారు.

ఐదో వార్డుని అప్పట్లో పారిశ్రామిక వాడ అనేవాళ్ళు. రైలు పట్టాలకీ నదికీ మధ్య ఇరుక్కున్న ఫ్యాక్టరీల పేట. కార్మికులు, ఇటలీ నుంచీ యుగోస్లావియా నుంచీ వలసవచ్చిన కుటుంబాలు, తక్కువ అద్దె కోసం వచ్చిన విద్యార్థులు. జ్యూరిక్‌లో డబ్బున్నవాళ్ళు కొండమీద ఉంటారు. హెరాయిన్ కొండెక్కలేదు. ఫిర్యాదు చేసినా గట్టిగా వినపడని పేటలోకే వచ్చింది.

ఇంతకుముందు ఒక పార్కులో కనిపించినదంతా ఇప్పుడు అపార్టుమెంటు మెట్లమీద కనిపించసాగింది. పొద్దున్నే పిల్లలు రాకముందు బడి ఆవరణలో సిరంజీలు ఏరడం ఒక పని అయింది. ఇళ్ళ వెనక పెరళ్ళకి ఇనుప గేట్లు వచ్చాయి. ఈ పేటలో వామపక్షాలకి ఓటేసేవాళ్ళే ఎక్కువ. మత్తుకి బానిసైనవాళ్ళ మీద జాలి ఉన్నవాళ్ళే. అలాంటివాళ్ళు కూడా రోడ్డెక్కారు. వాళ్ళ కోపాన్ని స్వార్థం అని కొట్టిపారెయ్యడం తేలిక. కొండమీద కూర్చుని ఉదారంగా ఆలోచించడానికీ, పసిపిల్ల చెయ్యిపట్టుకుని సూదులు దాటుకుంటూ నడవడానికీ తేడా ఉంది కదా.

కొన్ని నెలల్లోనే ఆ గుంపు లెట్టెన్ అనే పాత రైల్వే స్టేషన్ పట్టాలమీద స్థిరపడింది. 1989లో రైళ్ళు ఆగిపోయిన స్టేషన్ అది. చూస్తే అచ్చం ప్లాట్స్‌స్పిట్సే, కాకపోతే ఇంకా హింసతో. అమ్మకాలు ముఠాల చేతుల్లోకి పోయాయి, కాల్పులు కూడా జరిగాయి. స్థలం మారింది, మూడేళ్ళు గడిచాయి, పరిస్థితి ఇంకా దిగజారింది.

*

ఈ మూడేళ్ళలో రెండు పనులు సమాంతరంగా జరిగాయి. రెంటినీ కలిపి చదివితేనే ఈ చరిత్ర అర్థమవుతుంది.

మొదటిది చికిత్స. 1970 నుంచి జ్యూరిక్ నగర పాలకమండలిలో సామాజిక శాఖ చూస్తున్నది ఎమిలీ లీబర్హేర్. ఆ మండలిలో అడుగుపెట్టిన మొదటి మహిళ. ఆడవాళ్ళకి ఓటుహక్కు కావాలని 1969లో బెర్న్ నగరానికి ఊరేగింపు నడిపిన మనిషి. హెరాయిన్‌కి అలవాటైనవాళ్ళలో వేరే ఏ చికిత్సా పనిచెయ్యనివాళ్ళకి డాక్టరు పర్యవేక్షణలో హెరాయినే ఇవ్వాలని గట్టిగా వాదించినవాళ్ళలో ఆమె ఒకరు. 1991లో జైడెన్‌బర్గ్‌లాంటి డాక్టర్లు కలిసి ఒక సంస్థ పెట్టి, పెద్దగా షరతులేవీ లేకుండా మెథడోన్ ఇచ్చే క్లినిక్ తెరిచారు. 1993లో కేంద్ర మంత్రి అయిన రూత్ డ్రైఫస్ ఈ ఆలోచనలకి దేశస్థాయిలో అండగా నిలబడింది. 1994లో హెరాయిన్ క్లినిక్‌లు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. రోగి రోజుకి రెండుమూడుసార్లు వస్తాడు, నర్సు ఎదుట కూర్చుని ఎక్కించుకుంటాడు, వెళ్ళిపోతాడు. వీధిలో అమ్మేవాడి అవసరం పోతుంది. నివారణ, చికిత్స, హాని తగ్గించడం, పోలీసు చర్య: ఈ నాలుగూ కలిసి నడవాలన్న విధానానికి ‘నాలుగు స్తంభాలు’ అని పేరొచ్చింది.

రెండోది వలసదారుల మీద కోపం. లెట్టెన్‌లో అమ్మేవాళ్ళు విదేశీయులన్న మాట పత్రికల్లో మోగింది. కొనేవాళ్ళు స్విస్ పిల్లలన్నది ఆ మోతలో వినపడలేదు. క్రిస్టోఫ్ బ్లోఖర్ నడిపిన జ్యూరిక్ స్విస్ పీపుల్స్ పార్టీ 1993లో కత్తిదూసిన మనిషి బొమ్మతో ప్రకటన వేసి, ఇదంతా వామపక్షాల మెతకదనం వల్లే అంది. 1994 డిసెంబర్ 4న దేశమంతా ఓటేసింది. అనుమతి పత్రాలు లేని విదేశీయుల్ని నెలల తరబడి నిర్బంధించడానికి వీలిచ్చే చట్టానికి నూటికి 73 మంది ఔనన్నారు.

ఆ ఓటు జరిగిన పది వారాలకి, 1995 ఫిబ్రవరి 14న, లెట్టెన్‌ని ఖాళీ చేయించారు. ఈసారి ఆ గుంపు ఇంకోచోట మొలవలేదు. పోలీసులు 1992లోనూ ఉన్నారు, 1995లోనూ ఉన్నారు. తేడా ఎక్కడుందంటే, ఈసారి గేటు మూసేముందే మిగతా తలుపులు తెరిచారు. మెథడోన్ క్లినిక్‌లు, హెరాయిన్ క్లినిక్‌లు, రాత్రి పడుకునే చోట్లు సిద్ధంగా ఉన్నాయి. వేర్వేరు వార్డుల్లో చిన్న చిన్న కేంద్రాలు తెరిచి, అక్కడ నాలుగు గోడల మధ్య, నర్సు ఉండగా మత్తు తీసుకోవడానికి అనుమతించారు. ఈ రకం గది ప్రపంచంలో మొదటిసారి వచ్చింది కూడా ఆ దేశంలోనే, 1986లో, బెర్న్‌లో. జ్యూరిక్ ఇంకో షరతు పెట్టింది: మా ఊరివాళ్ళకే ఈ సౌకర్యం. బయటూళ్ళవాళ్ళని పట్టుకుని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి పంపించేశారు. ఇందులో కరుకుదనం ఉంది. కానీ మీ పిల్లల్ని మీరే చూసుకోండి అని చిన్న ఊళ్ళ మెడలు వంచింది కూడా ఈ షరతే.

*

స్విట్జర్లాండ్‌లో ప్రతి పెద్ద మాటకీ ఓటింగ్ ఉంటుంది. అందుకని ఇరుగుపొరుగు మనసుని అంకెల్లో చూసే అవకాశం మనకి దొరుకుతుంది. 1997 సెప్టెంబర్‌లో, మత్తు పూర్తిగా మానిపించడం తప్ప ఇంకే చికిత్సా వద్దన్న ప్రతిపాదనని నూటికి 71 మంది కాదన్నారు. 1998 నవంబర్‌లో, మత్తుమందుల్ని చట్టబద్ధం చెయ్యాలన్న ప్రతిపాదనని 74 మంది కాదన్నారు. 1999 జూన్‌లో, హెరాయిన్ క్లినిక్‌లు కొనసాగించడానికి 54 మంది ఔనన్నారు. 2008 నవంబర్‌లో, నాలుగు స్తంభాల్ని శాశ్వత చట్టం చెయ్యడానికి 68 మంది ఔనన్నారు. అదే రోజు గంజాయిని చట్టబద్ధం చెయ్యడాన్ని 63 మంది కాదన్నారు.

వీటిని వరసగా పెట్టి చూడండి. విదేశీయుల్ని నిర్బంధించమన్నదీ, ప్రభుత్వ ఖర్చుతో హెరాయిన్ ఇవ్వమన్నదీ అదే జనం. వీళ్ళు ఉదారులా, కఠినులా అని అడిగితే జవాబు రాదు. వాళ్ళు కోరింది రెండే: మా కళ్ళముందు వద్దు, కానీ వాళ్ళు చచ్చిపోకూడదు. మొదటి కోరిక లేకపోతే రెండోదానికి డబ్బు వచ్చేది కాదేమో అని నాకనిపిస్తుంది. పార్కు ఊరికి దూరంగా ఏ అడవిలోనో ఉండుంటే ఇన్ని క్లినిక్‌లు పుట్టేవా? స్టేషన్ పక్కన, మ్యూజియం వెనక, అందరి కళ్ళకీ అడ్డంగా ఉండబట్టే దేశం కదిలింది. జాలి ఒక్కటే చెయ్యలేని పనిని జాలీ చిరాకూ కలిసి చేశాయి.

ఫలితాలు వచ్చాయి. చావులు ఆ దశాబ్దం చివరికి దాదాపు సగానికి తగ్గాయి. జ్యూరిక్‌లో 1990లో కొత్తగా హెరాయిన్ మొదలెట్టినవాళ్ళు 850 మంది అయితే, 2002లో ఆ సంఖ్య 150 అని ఒక అధ్యయనం లెక్కగట్టింది. డాక్టరు చేతిమీదుగా వచ్చే హెరాయిన్‌లో తిరుగుబాటు ఆకర్షణ లేదు. అది రోగుల మందు అయిపోయింది.

*

కథ ఇక్కడ ఆపితే ముగింపు బాగుంటుంది. కానీ ఐదో వార్డు సంగతి ఇంకా ఉంది.

లెట్టెన్ పట్టాల పక్కన ఇప్పుడు జనం ఈత కొడతారు. ఎండాకాలం అక్కడ బీరు దొరుకుతుంది, బీచ్ వాలీబాల్ ఆడతారు. పాత ఓడల ఫ్యాక్టరీ 2000లో థియేటర్ అయింది. రైలు వంతెన కమానుల కింద 2010లో దుకాణాలు, కూరగాయల మార్కెట్ వచ్చాయి. 2011లో ఆ వార్డులోనే 126 మీటర్ల ప్రైమ్ టవర్ లేచింది. పక్కనున్న నాలుగో వార్డులో, లాంగ్‌స్ట్రాసె అనే వీధి చుట్టూ, 2001 నుంచి నగరం పోలీసుల్నీ ప్లానర్లనీ సామాజిక కార్యకర్తల్నీ కలిపి ఒక ప్రత్యేక కార్యక్రమం నడిపింది. వీధి శుభ్రపడింది. అద్దెలు పెరిగాయి. సిరంజీలు ఏరిన కుటుంబాల్లో ఎంతోమందికి ఆ శుభ్రమైన వీధిలో ఉండే స్తోమత మిగల్లేదు.

దీన్ని పునరుజ్జీవనం అనాలా, ఖాళీ చేయించడం అనాలా? మొదట మత్తుకి బానిసైనవాళ్ళు వెళ్ళారు, పోలీసులతో. తర్వాత ఇరుగుపొరుగు వెళ్ళారు, అద్దె రసీదుతో. మొదటిదానికి కెమెరాలొచ్చాయి, రెండోదానికి రాలేదు. మొదటివాళ్ళకి, ఆలస్యంగానైనా, గది, నర్సు, మందు దొరికాయి. రెండోవాళ్ళ కోసం ఏముంది?

అసలేమీ లేకపోలేదు. ఒపెరా హౌస్ అల్లర్ల వేడి ఇంకా చల్లారని 1985లో, నగర ఓటర్లు ఒక ప్రజాసంస్థకి ఆమోదం తెలిపారు. ఇళ్ళు కొని, లాభం చూసుకోకుండా అద్దెకివ్వడం దాని పని. 1990 నుంచి అది ఇళ్ళు కొంటూనే ఉంది, నాలుగో వార్డులో కూడా. 2011 నవంబర్‌లో, 2050 నాటికి నగరంలోని అద్దె ఇళ్ళలో మూడోవంతు లాభాపేక్ష లేనివే ఉండాలన్న లక్ష్యానికి నూటికి 76 మంది ఔనన్నారు. హెరాయిన్ విషయంలో పనిచేసిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది: గేటు మూసేముందే తలుపు తెరవాలి. అద్దెలు పెరిగాక ఇళ్ళు కొనడం, పార్కు మూసేశాక క్లినిక్ కట్టడంలాంటిదే. ఈ రెండో విషయంలో నగరం 1992లోనే ఆగిపోయిందని నా అనుమానం.

ప్లాట్స్‌స్పిట్స్ ఇప్పుడు మామూలు పార్కు. పెద్ద పెద్ద చెట్లు, నదివైపు తిరిగిన బెంచీలు. రాత్రి గేట్లు మూస్తారు. 2020లో ఆ రోజుల్లో పుట్టిన పిల్లల గురించి ‘ప్లాట్స్‌స్పిట్స్‌బేబీ’ అని సినిమా వస్తే, స్విస్ జనం థియేటర్లకి వెళ్ళి చూశారు. గడిచిపోయినదాన్ని చూస్తున్నామన్న ధీమాతో చూసినవాళ్ళూ ఉండే ఉంటారు.

2023లో లాంగ్‌స్ట్రాసె దగ్గర్లోని బెకర్‌అన్లాగె అనే చిన్న పార్కులో మళ్ళీ బహిరంగంగా మత్తు తీసుకునేవాళ్ళు పోగయ్యారు. ఈసారి క్రాక్ కొకెయిన్. అంతకుముందు ఏడాది ఆ పేటకి దగ్గర్లో ఉన్న కేంద్రాన్ని అక్కడినుంచి తీసేశారు. దానికి బదులు ఇచ్చిన చోటు ఊరికి ఒక చివర ఉంది. పార్కు పిల్లలు ఆడుకునే చోటు. తల్లిదండ్రులకి కోపమొచ్చింది, సభలు జరిగాయి. ఏడాది చివర్లో నగరం మళ్ళీ ఆ పేటకి దగ్గర్లోనే, పాత సైనిక బారకాసుల స్థలంలో, తాత్కాలికంగా ఒక కేంద్రం తెరిచింది. పార్కులోని జనం ఆ గదిలోకి నడిచారు.